కరెంటు లేని రాత్రి, గ్రీన్‌లాండ్ కొండ

సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు తొమ్మిదైనా రాలేదు. ఇన్వర్టర్ ఏడున్నరకే చేతులెత్తేసింది. రాజమండ్రిలో మే నెల ఉక్క గురించి డైరీలో కొత్తగా రాసేదేముంది! తడి తువ్వాలు మెడకు చుట్టుకుని డాబా మీద కూర్చుంటే, పొద్దున్న చదివిన కొండ గుర్తొచ్చింది.

పేరు గన్‌బ్యోర్న్ ఫెల్డ్. తూర్పు గ్రీన్‌లాండ్‌లో, వాట్కిన్స్ పర్వతాల్లో ఉంది. ఎత్తు 3,694 మీటర్లు. ఆర్కిటిక్ వలయానికి పైన ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. ఫొటోలో పీకల దాకా మంచులో కూరుకుపోయిన గుడి గోపురంలా ఉంది. ఒక వరస నల్లరాయి, ఒక వరస మంచు, మళ్లీ నల్లరాయి. సుమారు ఐదున్నర కోట్ల ఏళ్ల కిందట లావా పొర మీద పొరగా పారి గడ్డకట్టిన బసాల్ట్ అది. మన కాతేరు క్వారీల రాయీ బసాల్టే, వయసులో ఇంకా పెద్దది. పక్కింటివాళ్లు గేటు ముందు పోసిన కంకరలోంచి ఒక ముక్క తెచ్చి చూశాను. ఇంత రాత్రయినా గోరువెచ్చగానే ఉంది.

1930లో బ్రిటిష్ అన్వేషకుడు జీనో వాట్కిన్స్ బృందం విమానంలోంచి ఈ పర్వతాలను చూసింది. ఇంగ్లండ్ నుంచి గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాకు విమానాల దారి వెతకడం వాళ్ల పని. వాతావరణం నమోదు చేయడానికి మంచు పీఠభూమి నడుమ ఒక గుడారం వేశారు. ఇద్దరికి తిండి చాలదని అగస్టిన్ కోర్టాల్డ్ ఒక్కడే ఉండిపోయాడు, ఐదు నెలలు. చివరి ఆరు వారాలు గుడారం మంచు కిందే, బయటికి దారి లేదు. 1931 మే 5న వాట్కిన్స్ మంచులోంచి పొడుచుకొచ్చిన గాలిగొట్టాన్ని చూసి అందులోకి కేకేశాడు. సరిగ్గా అప్పుడే లోపల స్టవ్వులో ఆఖరి కిరసనాయిలు అయిపోయిందట. మరుసటి ఏడాది వాట్కిన్సే గ్రీన్‌లాండ్‌లో కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో వేటకెళ్లి తిరిగి రాలేదు.

కోర్టాల్డ్ మాత్రం మళ్లీ వెళ్లాడు! 1935 ఆగస్టు 16న ఆ శిఖరం మీద మొదటిసారి కాలు పెట్టిన బృందంలో అతనూ ఉన్నాడు. తోడు వెళ్లినవాళ్లలో లారెన్స్ వేజర్, జాక్ లాంగ్‌లాండ్ అప్పటికే ఎవరెస్ట్ మీద ప్రయత్నించి వచ్చినవాళ్లు. ఇప్పుడైతే ఐస్‌లాండ్ నుంచి మంచు మీద దిగే స్కీల విమానం కొండ దగ్గర్లోనే దింపుతుంది.

ఇదంతా అమ్మకు చెప్పాను.

"అంత జరిగాక మళ్లీ అక్కడికేనా? పెళ్లాం ఎలా పంపించిందిరా?"

"పంపించడమేంటమ్మా, ఆవిడ కూడా ఆ ఓడెక్కింది."

అమ్మ విసనకర్ర ఆపి నా వైపు చూసింది. "బాగుంది సంబడం" అని మళ్లీ విసురుకోసాగింది.