బెంచీ విరిగాక తెలిసిన కుసి లెక్క

మా అమ్మాయి చదువుకోవడానికి నేనే చేసిన బెంచీ మూడు నెలలకే ఊగడం మొదలుపెట్టింది. ఒకరోజు తను కూర్చోబోతుంటే టక్కుమని కాలు పక్కకు ఒరిగింది. పిల్లకు దెబ్బ తగల్లేదు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

విప్పి చూస్తే మేకులు లేకుండా వేసిన అతుకే పోయింది. కాళ్లను కలిపే అడ్డ పట్టీ చివర నాలుకలా చెక్కిన కుసి, అంటే టెనన్, మొదలు దగ్గరే విరిగి, అది దూరే కాలి బెజ్జంలో ఉండిపోయింది.

నేను లెక్క తప్పలేదనే అనుకున్నాను. చెక్క మందంలో మూడో వంతు కుసి ఉండాలని ఎక్కడ చూసినా చెబుతారు. నా పట్టీ మందం 22 మిల్లీమీటర్లు, కాబట్టి కుసి 7 పెట్టాను. 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉలి నా దగ్గర లేదు. 6 ఉలితో తొలిచి, గోడలు గీకి వెడల్పు చేశాను. అవి వంకరటింకరగా వచ్చాయి. సందుల్లో ఫెవికాల్ నింపి సరిపెట్టాను.

బెంగళూరులో మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఔట్‌కి మళ్లీ సిల్వర్ ఓక్ చెక్క కోసం వెళ్లినప్పుడు, విరిగిన ముక్క సంచీలో వేసుకెళ్లాను. అక్కడ పనిచేసే పెద్దాయనది హిందూపురం వైపు. ముక్కను వెలుతురులో తిప్పి చూసి, "కాలు మందం ఎంత నాయనా?" అన్నాడు. 45 అన్నాను. "మరి ఇంత సన్నంగా ఎందుకు చేసినావు? కాలికి చెక్క మస్తుగా ఉండాది కదా!"

అప్పుడు అర్థమైంది. మూడో వంతు లెక్క రెండు చెక్కలూ ఒకే మందం ఉన్నప్పటిది. కుసి లావైతే బెజ్జం అటూ ఇటూ గోడలు పలచబడి చీలతాయి, సన్నమైతే కుసే విరుగుతుంది. రెంటికీ బలం సమంగా పంచడానికే ఆ మూడో వంతు. కాలు పట్టీకి రెట్టింపు ఉన్నప్పుడు గోడల గురించి బెంగ లేదు, కుసిని లావు చేసుకోవచ్చు. అదీ చేతిలో ఉన్న ఉలి కొలతకే. ముందు ఉలితో బెజ్జం తొలిచి, దానికి సరిపడా కుసి కోయమన్నాడు పెద్దాయన. నేను ఇన్నాళ్లూ తిరగేసి చేస్తున్నాను!

ఈసారి 12 ఉలి తీశాను. 22లో 12 కుసికి పోగా అటు 5, ఇటు 5 భుజాలు, అంటే కాలికి ఆనే అంచులు, మిగిలాయి. పట్టీ వెడల్పు 80. కాలి పైఅంచు దాకా బెజ్జం తొలిస్తే అక్కడ చెక్క చీలిపోతుంది కాబట్టి, పైన 20 వదిలేసి కుసిని 60కే కోశాను. పొడవు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఒకే కాలిలోకి రెండు వైపుల నుంచి పట్టీలు వస్తాయి, లోపల రెండు కుసులూ ఢీకొంటాయి. కాగితం మీద గీసుకుని, 35 పొడవు పెట్టి, కొసలను 45 డిగ్రీల ఏటవాలుగా కోశాను. బెజ్జం 37 లోతు. అడుగున జిగురు చేరడానికి ఆ 2 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే భుజాలు కాలికి ఆనవు.

బిగువు ఎంతుండాలో స్కేలు చెప్పదు. ముందు పనికిరాని ముక్కల మీద చేసి చూశాను. చేత్తో నొక్కితే సగం దాకా దిగాలి, మిగతాది కొయ్య సుత్తితో నాలుగు మెల్లని దెబ్బలకు దిగాలి. తలకిందులు చేస్తే జారకూడదు. మరీ బిగుతైతే జిగురంతా బయటికి గీసుకుపోతుంది, పైగా జిగురులోని నీటికి చెక్క ఉబ్బుతుంది. నాలుగో ముక్కకు కుదిరింది. ఉలితో పల్చటి పొర తీసి, నొక్కగానే గాలి బుస్సుమంటూ బయటికి వచ్చింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఏడాది దాటింది, బెంచీ కదల్లేదు. ఈ వారం వంటింటి అల్మారా తలుపు చట్రం మొదలుపెట్టాను. అందులో అన్ని చెక్కలూ 20 మందమే. దానికి మళ్లీ 6 ఉలే తీశాను.