‘చిలుపిరిలో’ అని రాస్తే మార్కు వేద్దామా?

ఈ వాక్యం చదవండి: ‘కిమ్మటలు పొద్దున్నే చిలుపిరిలో జొబుకుతాయి.’ కిమ్మటలు ఎక్కడ జొబుకుతాయి? ‘చిలుపిరిలో’ అని తడుముకోకుండా చెప్పేస్తాం. ఎప్పుడు? ‘పొద్దున్నే.’ రెండుకి రెండు మార్కులు. కిమ్మట పిట్టో పురుగో తెలియదు, జొబకడం ఎలా ఉంటుందో అసలే తెలియదు. ఎందుకంటే అలాంటి మాటలు లేవు.

మన హైస్కూళ్లలో ఇంగ్లీషు ప్యాసేజీ కింద ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటికి పిల్లలు రాసే జవాబులు ఈ బాపతువే. ప్రశ్నలో ఉన్న మాటను ప్యాసేజీలో పట్టుకుంటారు, ఆ మాట ఉన్న వాక్యాన్ని ఫుల్‌స్టాప్ దాకా ఎత్తి రాసేస్తారు. మార్కులు పడతాయి. ఆ పిల్లాడికి ఇంగ్లీషు చదవడం వచ్చని ప్రోగ్రెస్ కార్డు చెబుతుంది. నిజానికి వచ్చింది వెతకడం.

వినడం పరిస్థితి ఇంకా పలచన. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఆడియో విని జవాబు రాసే భాగం లేదు. పరీక్షలో లేనిదానికి పీరియడ్ దొరకదు. ఎప్పుడైనా లిజనింగ్ పెట్టినా టీచరే పుస్తకం చివర అచ్చయిన ప్యాసేజీని పైకి చదువుతారు. జవాబు వచ్చే చోట గొంతు కాస్త పెంచుతారు, ఒకటికి రెండుసార్లు అంటారు, పిల్లల ముఖాలు చూసి తెలుగులో ఓ ముక్క కూడా అందిస్తారు. అందులో ప్రేమ ఉంది గానీ కొలత లేదు. పైగా ఆ ప్యాసేజీని ఇంటి దగ్గర చదివేసిన పిల్లకి అది జ్ఞాపకశక్తి పరీక్ష.

కొలవాలనుకున్నది ఒకటి, కొలుస్తున్నది ఇంకొకటి. కింద చెప్పేదంతా ఈ తేడాను తగ్గించే పద్ధతులే. తొమ్మిదో తరగతి, 40 మంది పిల్లలు, ఒక స్పీకరు, ఒక జిరాక్స్ మిషను, ఇంతవరకే ఉందనుకుని చెబుతున్నాను.

ముందు చదవడం. ప్యాసేజీ 250 నుంచి 300 మాటలు ఉంటే చాలు, కానీ పిల్లలు ఇదివరకు చూడనిది కావాలి. గైడులో ఉన్నది పనికిరాదు. పట్టుకొచ్చాక పక్క సెక్షన్లో మధ్యస్థంగా చదివే ఐదుగురికి ఇచ్చి, తెలియని మాటల కింద గీత గీయమనండి. నూటికి ఐదు మాటలకు మించి గీతలు పడితే అది వాళ్ల స్థాయికి మించిందని లెక్క. 250 మాటల ప్యాసేజీలో పన్నెండు పదమూడు దాటకూడదన్నమాట. ఐదారు దగ్గర ఆగితే ఇంకా మంచిది. అంతకు మించితే పరీక్ష పెట్టేది చదవడానికి కాదు, పదసంపదకు.

తర్వాత ప్రశ్నలు. ప్యాసేజీలోని మాటలను ప్రశ్నలోకి తీసుకురాకూడదు. వరదొచ్చి వంతెన కొట్టుకుపోయిందని ప్యాసేజీలో ఉంటే, ‘వంతెన ఎలా కొట్టుకుపోయింది’ అని అడిగితే కిమ్మటల కథే. ‘మర్నాడు ఆ ఊరి పిల్లలు బడికి ఎందుకు వెళ్లలేకపోయారు’ అని అడగండి. ఆ వాక్యం ప్యాసేజీలో ఎక్కడా ఉండదు. వంతెన పోయింది, బడి అవతలి గట్టున ఉంది అన్న రెండు ముక్కలనూ కలుపుకుంటేనే జవాబు వస్తుంది. ఏడు ప్రశ్నల్లో రెండు మాత్రం సూటిగా దొరికేవి ఉంచండి, బలహీనంగా ఉన్న పిల్లలు మొదట్లోనే పెన్ను కింద పెట్టకుండా. రెండు ఇలా కలుపుకునేవి. ఒకటి సర్వనామం మీద: నాలుగో వరుసలో ఉన్న ‘దే’ ఎవరు? చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ వాక్యం నుంచి వాక్యానికి దారం పట్టుకుని వస్తున్నారా లేదా అన్నది ఇది చెప్పినంత బాగా ఇంకోటి చెప్పదు. ఒకటి సందర్భాన్ని బట్టి మాటకు అర్థం. చివరిది నిజమా, అబద్ధమా, ప్యాసేజీలో చెప్పలేదా అని. మూడోదాని దగ్గర మన పిల్లలు తెగ ఇబ్బంది పడతారు. చెప్పనిదాన్ని అబద్ధం కింద జమకడతారు. ముందు రెండుసార్లు అలవాటు చేయించి అప్పుడు మార్కులు పెట్టడం న్యాయం.

ప్రశ్నపత్రం తయారయ్యాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. ప్యాసేజీ తీసేసి ప్రశ్నలు మాత్రమే పదిమందికి ఇవ్వండి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు పదిమందిలో ఇద్దరో ముగ్గురో గుడ్డిగా కరెక్టు పెడతారు. ఏడెనిమిది మంది పెట్టారంటే ప్యాసేజీ చదవకుండానే లోకజ్ఞానంతో జవాబు తెలిసిపోతోందని అర్థం. అబ్దుల్ కలాం ఎక్కడ పుట్టారన్న ప్రశ్న అలాంటిది. గాంధీ, తాజ్‌మహల్, చెట్లు నరకరాదు, ప్లాస్టిక్ వాడరాదు, వీటి మీద ప్యాసేజీలన్నిటిదీ ఇదే గొడవ. చెట్లు నరకడం మంచిదని ఏ ప్రశ్నపత్రమూ ఒప్పుకోదని ఆరో తరగతి పిల్లకి కూడా తెలుసు.

జవాబు ఏ భాషలో రాయాలి? తెలుగులో రాయనివ్వండి అంటాను. ఇది చాలామంది ఇంగ్లీషు టీచర్లకు రుచించదు. కానీ చదివి అర్థం చేసుకోవడం వేరు, ఇంగ్లీషులో వాక్యం కట్టడం వేరు. రెండూ ఒకే మార్కులో కలిపేస్తే సున్నా వచ్చిన పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో ఎవరికీ తెలియదు. రాయడానికి వేరే ప్రశ్న ఉంది కదా, స్పెల్లింగు కోపం అక్కడ చూపించుకోవచ్చు. వినే పరీక్షలోనూ అంతే: ‘వెన్స్‌డే’ అని విని అక్షరాలు తారుమారుగా రాసినా, విన్నది అదేనని తెలిసిపోతుంటే మార్కు ఇవ్వాల్సిందే.

పైకి చదివించడం గురించి ఒక మాట. నిమిషంలో ఎన్ని మాటలు తప్పులేకుండా చదివారో లెక్కించే పద్ధతి తొమ్మిదిలోనూ పనికొస్తుంది, అయితే అందరికీ కాదు, వెనకబడ్డ పదీ పదిహేను మందికి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మీ చేతిలో ఇంకో కాపీ పెట్టుకుని, స్టాప్‌వాచీ నొక్కండి. మాట దగ్గర ఆగిపోతే మూడు సెకన్లు చూసి అందించండి, అది తప్పు కింద లెక్క. వదిలేసిన మాట తప్పు, ఒకదానికి బదులు ఇంకోటి చదివితే తప్పు, తనంతట తాను దిద్దుకుంటే తప్పు కాదు. ‘బుక్’ను ‘బుక్కు’ అంటే తప్పు రాయకండి, అది యాస. ‘వాజ్’ (was)ను ‘సా’ (saw) అని చదివితే మాత్రం తప్పే, అక్కడ అక్షరాలు తిరగబడ్డాయి. చదవడం అయ్యాక కాగితం తిప్పేసి, ఏం చదివావో తెలుగులో చెప్పమనండి. గడగడా చదివి ఒక్క ముక్కా చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ కనబడతారు.

ఇప్పుడు వినడం. టీచరు పైకి చదవడం మానేసి రికార్డు చేయండి. మీ గొంతు కాకుండా, వీలైతే పక్క బడి టీచర్లు ఇద్దరి గొంతులు. మన యాసలో స్పష్టంగా మాట్లాడే ఇంగ్లీషు చాలు, విదేశీ యాస మొదటి మెట్టు కాదు. స్క్రిప్టు 150 మాటలు, నిమిషానికి 120 మాటల చొప్పున చదివితే నిమిషంన్నర లోపు అయిపోతుంది. పాఠం చదివినట్టు ఉండకూడదు. మాట్లాడేటప్పుడు మనం చెప్పిందే మళ్లీ చెబుతాం, మధ్యలో ‘కాదు కాదు’ అని దిద్దుకుంటాం. అదంతా స్క్రిప్టులో ఉండాలి.

ఉదాహరణకి బడి నుంచి నాగార్జునసాగర్ టూరు ప్రకటన. శుక్రవారం అనుకున్నాం, శనివారానికి మారింది. బస్సు ఆరింటికి అన్నాం, డ్రైవరు దూరం నుంచి రావాలి కనుక ఆరున్నరకు బయలుదేరుతుంది, ఏడింటికల్లా ఊరు దాటేస్తుంది, ఎవరికోసమూ ఆగదు. ప్రశ్న: బస్సు ఎన్నింటికి బయలుదేరుతుంది? ఆప్షన్లు ఆరు, ఆరున్నర, ఏడు. మూడూ ఆడియోలో వినబడతాయి. కాబట్టి చెవిన పడ్డ మాటకు టిక్కు పెట్టేవాడు దొరికిపోతాడు, సంగతి పట్టుకున్నవాడే గట్టెక్కుతాడు. ఆడియోలో వినబడని ‘ఎనిమిది’ని ఆప్షన్‌గా పెడితే దాన్నెవరూ ముట్టుకోరు, కాగితం దండగ.

ప్రశ్నల వరుస ఆడియో వరుసలోనే ఉండాలి. ఒక జవాబుకూ ఇంకో జవాబుకూ మధ్య కనీసం పది సెకన్లు, అంటే ఇరవై మాటలు ఉండాలి. లేకపోతే పిల్ల మొదటిది రాసే లోపు రెండోది జారిపోతుంది. దాన్ని వినలేకపోవడం అనకూడదు. ఆడియోకు ముందు ప్రశ్నలు చదువుకోవడానికి 30 సెకన్లు, ఒకసారి వినిపించాక 20 సెకన్లు, మళ్లీ ఇంకోసారి. రెండుసార్లు చాలు. మూడోసారి అడుగుతారు, వేయొద్దు.

గది విషయం ఎవరూ పట్టించుకోరు, కానీ సగం మార్కులు అక్కడే పోతాయి. ఫోను స్పీకరు 40 మంది గదిలో చివరి బెంచీకి చేరదు. బ్లూటూత్ స్పీకరునో, ఐఎఫ్‌పీ ప్యానెల్ (బోర్డులా గోడకి పెట్టే పెద్ద టచ్ తెర) ఉన్న గదినో వాడండి. స్పీకరు నేల మీదో బల్ల మీదో కాకుండా పిల్లల తలల ఎత్తున ఉండాలి. పరీక్షకు ముందు రోజు గది నాలుగు మూలలా నలుగురిని కూర్చోబెట్టి, ఐదు రెండంకెల సంఖ్యలు వినిపించి రాయించండి. ఏ మూలనైనా ఒక్కటి తప్పినా స్పీకరు జరపాలి. కొన్ని బ్లూటూత్ స్పీకర్లు కాసేపు మౌనంగా ఉంటే నిద్రపోతాయి, లేచేటప్పుడు మొదటి మాట మింగేస్తాయి. అందుకే రికార్డింగు మొదట్లో అక్కరలేని వాక్యం ఒకటి పెట్టుకోవాలి. ఫోను ఎయిరోప్లేన్ మోడ్‌లో ఉండాలి (బ్లూటూత్ ఆగిపోతే అదొక్కటీ మళ్లీ ఆన్ చేయండి), మధ్యలో కాల్ వస్తే అంతా మొదటికొస్తుంది. ఫ్యాన్లు ఆపేయండి. పక్క గదిలో ఎక్కాలు చదివే పీరియడ్ కాకుండా చూసుకోండి. రేకుల షెడ్డయితే వాన రోజు వాయిదా వేయడమే.

ఎక్కడ లోపముందో తెలియాలంటే ఈ రెండు పరీక్షలనూ జోడించాలి. సమాన కష్టం ఉన్న రెండు స్క్రిప్టులు, ఏ, బీ తీసుకోండి. సగం మందికి ఏ వినిపించి బీ చదివించండి, మిగతా సగానికి అటూ ఇటూ మార్చండి. చదివితే అర్థమై, వింటే అర్థం కాని పిల్లలు మన దగ్గర ఎక్కువ. వాళ్లకి మాటలు కంటికి తెలుసు, చెవికి తెలియవు. వింటే తెలిసి, చదివితే తెలియనివాళ్లు తక్కువ. వాళ్లకి విన్నది అర్థమవడం టీవీ, యూట్యూబ్ చలవ. వాళ్ల చిక్కు అక్షరం దగ్గర. రెండూ రానివాళ్లకి అదే సంగతిని తెలుగులో ఇచ్చి చూడండి. తెలుగులో వస్తే లోటు ఇంగ్లీషు మాటలది. తెలుగులోనూ రాకపోతే ఇంగ్లీషు టీచరుని ఒక్కరినే పట్టుకుని లాభం లేదు.

మార్కులు చూసేటప్పుడు కాస్త లెక్క కావాలి. మూడు ఆప్షన్ల ప్రశ్నలు పది ఇస్తే, కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా సగటున మూడు మార్కులు వస్తాయి. కాబట్టి పదికి నాలుగు అంటే ఏమీ తెలియనట్టే. ఆరుకీ ఏడుకీ తేడా కూడా గాలివాటమే, దాన్ని బట్టి పిల్లల్ని వేరు చేయకండి. 2023-24లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి వచ్చిన టోఫెల్ జూనియర్ అనే అంతర్జాతీయ ఇంగ్లీషు పరీక్షలో వినడానికి 42, చదవడానికి 42 ప్రశ్నలు ఉండేది ఊరికే కాదు. ఒక్కో భాగానికి 200 నుంచి 300 దాకా స్కోరు ఇవ్వాలంటే అన్ని ప్రశ్నలు కావాలి. మనకి ఒక్క రోజులో అన్ని కుదరవు. మూడు విడతలుగా ఎనిమిదేసి ప్రశ్నలు పెట్టి కలిపితే 24 అవుతాయి, అప్పుడు కాస్త నమ్మొచ్చు.

ప్రశ్నలకూ మార్కులు వేయాలి. 40 పేపర్లను మొత్తం మార్కుల వరుసలో పేర్చి, పైనుంచి 11, కిందనుంచి 11 తీయండి. ఒక ప్రశ్నకు పై గుంపులో తొమ్మిది మంది, కింది గుంపులో ముగ్గురు కరెక్టు రాశారనుకోండి. తేడా ఆరు, పదకొండుతో భాగిస్తే 0.55. మంచి ప్రశ్న, దాచుకోండి. 0.2 లోపు వస్తే అనుమానించాలి. పై గుంపులో ఆరుగురు, కింద ఏడుగురు రాస్తే లెక్క మైనస్‌లోకి పోతుంది. అలాంటప్పుడు పిల్లల్ని తిట్టకుండా ముందు మీ జవాబుల కీ చూసుకోండి. చాలాసార్లు కీ తప్పు ఉంటుంది, లేకపోతే రెండు ఆప్షన్లూ కరెక్టే అయి ఉంటాయి. బాగా ఆలోచించే పిల్లలే అక్కడ దెబ్బతింటారు.

పేపర్లు ఇచ్చేశాక ఇంకో పీరియడ్ ఉంచుకోండి. ఈసారి స్క్రిప్టు చేతికిచ్చి ఆడియో మళ్లీ వేయండి, ఎక్కడ మాట జారిపోయిందో అక్కడ గీత గీయమనండి. గీతలన్నీ దాదాపు ఒకే రకం చోట్ల పడతాయి. ‘థర్టీన్’, ‘థర్టీ’ లాంటి జంటల దగ్గర కొన్ని, ‘కెన్’, ‘కాంట్’ దగ్గర కొన్ని. ఎక్కువ మాత్రం తెలియని మాటల దగ్గర కాదు, తెలిసిన మాటలు కలిసిపోయిన చోట. ‘పిక్ ఇట్ అప్’ వాళ్ల చెవికి ‘పికిటప్’గా చేరుతుంది, ‘నాట్ ఎట్ ఆల్’ ‘నాటెటాల్’ అవుతుంది. అది ఏదో కొత్త మాట అనుకుని దాని వెంట పడతారు, ఆ లోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. దీనికి ఇంగ్లీషు ఫొనెటిక్స్ పాఠం అక్కరలేదు. బోర్డు మీద ‘వాడు + ఎక్కడ’ అని రాసి పైకి చదవమనండి. ‘వాడెక్కడ’ అని వాళ్లే అంటారు. దాని కింద ‘పికిటప్’ రాసి, విడదీయమనండి.