కొండవాగు తూనీగల్లో స్థానికులెవరు

కొండ అడవుల్లో తూనీగల సర్వే జరిగినప్పుడల్లా నివేదికల్లోనూ వార్తల్లోనూ ముందుగా కనిపించేది మొత్తం జాతుల సంఖ్య. ఫలానా అభయారణ్యంలో ఇన్ని జాతులు నమోదయ్యాయి, గతసారి కంటే ఇన్ని పెరిగాయి అని చదివి సంతోషిస్తాం. ఆ సంఖ్యకు విలువ లేదని నేను అనను. అయితే కొన్నేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గరా, వీలు చిక్కినప్పుడు కనుమల్లోని వాగుల దగ్గరా తూనీగలను గమనిస్తూ వచ్చిన మీదట నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. కొండవాగు విషయంలో జాతులు ఎన్ని అన్నదాని కంటే అవి ఏవి అన్నది ముఖ్యం. మొదటి ప్రశ్నకు మంచి జవాబు వచ్చిన చోటే రెండో ప్రశ్నకు చెడ్డ జవాబు దొరకవచ్చు.

తూనీగలు స్థూలంగా రెండు రకాలు. బలమైన ఒళ్లు, తలను దాదాపు కప్పేసే పెద్ద కళ్లు ఉండి, వాలినప్పుడు రెక్కలను పక్కలకు చాచి ఉంచేవి మొదటి రకం. సన్నని ఒంటితో, రెండు కళ్ల నడుమ ఎడంతో, వాలినప్పుడు ఎక్కువగా రెక్కలను వీపు మీదికి ముడుచుకునేవి రెండో రకం. ఇక్కడ వాటిని సన్న తూనీగలు అంటాను. రెండూ కలిపి ప్రపంచంలో 6,300కు పైగా జాతులుంటే, భారతదేశంలో దాదాపు 500 ఉన్నాయి. వాటిలో 200కు పైగా జాతులు పశ్చిమ కనుమల్లో కనిపిస్తాయి. ఆ కనుమల జాతుల్లో మూడో వంతుకు పైగా భూమి మీద మరెక్కడా లేవు.

హైదరాబాద్‌లో మనకు నిత్యం కనిపించేవి చాలావరకు ఎండను కోరుకునే, నిలవ నీటితో సరిపెట్టుకునే జాతులు. ఎర్రగా మెరిసే క్రోకోథెమిస్ సర్విలియాకు గానీ, లేత ఆకుపచ్చ ఒంటి మీద నల్లని పట్టీలున్న ఆర్థెట్రమ్ సబీనాకు గానీ, చెరువు గట్టు గడ్డిలో తిరిగే సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అనే పసుపుపచ్చని సన్న తూనీగకు గానీ అడవి అక్కర్లేదు. బ్రాకీథెమిస్ కంటామినాటా అయితే మురుగు కలిసిన నీటిని కూడా తట్టుకుంటుంది. మూసీ ఒడ్డున మనం ముక్కు మూసుకుని దాటే చోట సైతం రెక్కల మీద నారింజ రంగు పరచుకున్న మగవి వరుసగా వాలి ఉంటాయి. బ్రాడినోపైగా జెమినాటా సంగతి వేరు. అది గ్రానైట్ బండ మీద వాలితే, నలుపూ బూడిదా కలిసిన మచ్చల ఒళ్లు రాతిలో కలిసిపోయి, కదిలేదాకా కంటికి ఆనదు. బండల మీది దొనల్లో నిలిచిన వాన నీటిలో పెరిగే ఈ జాతి, నగరంలో ప్రహరీ గోడలనే బండలుగా, సిమెంటు తొట్లనే దొనలుగా చేసుకుని బతుకుతోంది. గుట్టలు పగలగొట్టి ఇళ్లు కట్టుకున్న తర్వాత కూడా అది మన మధ్య మిగిలి ఉండడం నాకెంతో సంతోషం కలిగిస్తుంది. కొండ అడవిలోని తూనీగల్లో ఎక్కువ భాగానికి మాత్రం ఇలాంటి వెసులుబాటు లేదు.

కారణం కొండవాగులోనే ఉంది. పటంలో ఒకే గీతగా కనిపించే వాగు, తూనీగల లెక్కన ఒకదాని కింద ఒకటిగా పేర్చిన అనేక ఆవాసాలు. పైన ఊట చెమ్మతో తడిసిన రాతి అంచున, పట్టపగలు కూడా మసకగా ఉండే చోట, ప్రోటోస్టిక్టా ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు) చెందిన సన్న తూనీగలు కొమ్మల చివర కదలకుండా వేలాడుతుంటాయి. వాటి ఒళ్లు ఎంత సన్నగా ఉంటుందంటే, తోక చివరి లేత రంగు మచ్చ కదిలినప్పుడే అక్కడొక ప్రాణి ఉన్నదని తెలుస్తుంది. నీరు బండల మీద విరిగి నురగలు కక్కే చోట యూఫియా ప్రజాతి లార్వాలు, అంటే రెక్కలు రాకముందు నీటిలో పెరిగే పిల్లలు, రాళ్ల అడుగున అంటిపెట్టుకుని ఉంటాయి. వాటికి తోక చివర ఉబ్బిన మూడు మొప్పలతో పాటు పొట్టకు రెండు పక్కలా కూడా మొప్పలుంటాయి. చల్లగా, ఉధృతంగా పారే నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది కనుక అవి అక్కడ బతకగలుగుతాయి. ఇంకాస్త దిగువన, ఆకుల సందుల్లోంచి ఎండ పొడలు పడే రాళ్ల మీద న్యూరోబేసిస్ చైనెన్సిస్ మగవి తమ హద్దులు కాచుకుంటుంటాయి. ముందు రెక్కలు పారదర్శకంగా, వెనక రెక్కలు లోహపు మెరుపున్న ఆకుపచ్చగా ఉండే ఈ సన్న తూనీగ ఎగురుతుంటే, రెక్క విప్పిన ప్రతిసారీ ఆ మెరుపు వెలిగి ఆరుతుంది. వాలు తగ్గి ఇసుక పేరుకున్న మడుగుల్లో క్లోరోగాంఫస్ లార్వాలు ఇసుకలో పూడుకుని ఎర కోసం ఎదురు చూస్తాయి. లిరియోథెమిస్ ట్రైకలర్‌కు వాగు కూడా అవసరం లేదు, చెట్టు తొర్రలో నిలిచిన నీరు చాలు. కాబట్టి తొర్రలున్న ముసలి చెట్లు ఉండాలి. పశ్చిమ కనుమల లోతట్టు చిత్తడి అడవుల్లో, జాజికాయ కుటుంబపు చెట్ల నీడన పారే వాగులను నమ్ముకుని కాలోసైఫా లైడ్లావి బతుకుతోంది. ఆ ప్రజాతిలో అది ఒక్కటే జాతి.

ఈ జాతులను వేరు చేసేది నీరొక్కటే కాదు, నీడ కూడా. సన్న తూనీగల్లో ఎక్కువ భాగం చిన్న ఒంటివి. వాటి ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలి వేడిని బట్టి వేగంగా మారిపోతుంది, చెమ్మ తగ్గితే అవి త్వరగా ఎండిపోతాయి. అందుకే చల్లని, తేమ గల నీడ వాటికి అనుకూలం. పెద్ద తూనీగల్లో చాలావాటికి ఎగరడానికి ముందు ఎండ కాచుకోవడమో, రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టించుకోవడమో కావాలి. ఇప్పుడు వాగు ఒడ్డున చెట్లు కొట్టేశారనుకోండి. ఎండ నేరుగా నీటి మీద పడుతుంది, నీరు వేడెక్కుతుంది, ఒడ్డున గడ్డి మొలుస్తుంది. పైన నేను చెప్పిన మన చెరువుల తూనీగలు, అంటే ఆర్థెట్రమ్, క్రోకోథెమిస్ వంటివి, మైదానం నుంచి ఎగిరి వచ్చి అక్కడ స్థిరపడతాయి. నీడ జాతులు కొన్ని వెంటనే పోతాయి, కొన్ని మిగిలి ఉన్న నీడలో కొంతకాలం నెట్టుకొస్తాయి. సరిగ్గా ఆ దశలో సర్వే చేస్తే మొత్తం జాతుల సంఖ్య పెరిగినట్టే కనబడుతుంది! దెబ్బతిన్న వాగుకు మంచి మార్కులు పడతాయి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. అమెజాన్ అడవుల్లో పనిచేసే పరిశోధకులు ఈ చిక్కును గుర్తించి, మొత్తం సంఖ్యకు బదులు సన్న తూనీగలకూ పెద్ద తూనీగలకూ మధ్య ఉన్న నిష్పత్తిని వాగు స్థితికి కొలమానంగా వాడుతున్నారు. మన కనుమలకు ఆ కొలమానాన్ని యథాతథంగా తెచ్చి పెట్టలేము, ఎందుకంటే ఇక్కడి ఆకురాల్చే అడవుల్లో వేసవిలో నీడే పలచబడుతుంది. కానీ ఆ ఆలోచన మాత్రం మనకు పనికొస్తుంది.

జాతుల పేర్లు చూడకుండా అంకెలు మాత్రమే చూస్తే పోగొట్టుకునేది ఇంకొకటి ఉంది. మైదానపు తూనీగ దేశమంతా తిరుగుతుంది, కొండ తూనీగ తన వాగును విడిచి దూరం పోదు. పశ్చిమ కనుమలను పాలక్కాడ్ కనుమ దగ్గర 30-40 కిలోమీటర్ల వెడల్పున్న ఖాళీ విడదీస్తుంది. ఆ ఖాళీకి ఉత్తరాన యూఫియా డిస్పార్ ఉంటే, దక్షిణాన యూఫియా కార్డినాలిస్ ఉంటుంది. లారీలు గంటలోపే దాటే దూరం ఈ రెండు జాతులకు సరిహద్దు అయింది. ఈ వివరాల్లో చాలా వాటికి పునాది వేసినవాడు ఎఫ్.సి. ఫ్రేజర్ అనే సైనిక వైద్యుడు. భారత ఉపఖండపు తూనీగల మీద ఆయన రాసిన మూడు సంపుటాలు 1933, 1934, 1936లలో వెలువడ్డాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా జాతి నిర్ధారణకు వాటిని తెరవక తప్పదు. అయినా ఆయన చూడనివి మిగిలే ఉన్నాయి. తిరువనంతపురం దగ్గరి పొన్ముడి కొండల నుంచి ప్రోటోస్టిక్టా పొన్ముడియెన్సిస్ అనే కొత్త జాతిని 2015లో వర్ణించారు. ఇలాంటి జాతి ఒక్క వాగు నుంచి తొలగిపోతే, ఆ చోటును మరో కొండ నుంచి వచ్చి నింపేవారు ఉండరు.

ఎగురుతున్న తూనీగను చూసి జాబితాలో రాసుకోవడంలోనూ ఒక ఇబ్బంది ఉంది. వానాకాలం చివర హైదరాబాద్ మైదానాల మీద గుంపులు గుంపులుగా తిరిగే పాంటాలా ఫ్లావెసెన్స్‌ను తీసుకోండి. అది హిందూ మహాసముద్రాన్ని దాటి ఆఫ్రికా తూర్పు తీరం వైపు వెళ్తుందని మాల్దీవులలో పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. అది ఏ కొండ మీదైనా కనిపిస్తుంది, కానీ కనిపించినంత మాత్రాన ఆ కొండవాగుకు చెందినది కాదు. వాన గుంటలో దాని లార్వా రెండు నెలల లోపే ఎదిగి ఎగిరిపోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం ఎపియోఫ్లెబియా లైడ్లావి. డార్జిలింగ్, నేపాల్, భూటాన్ కొండల్లో 1,800 మీటర్లకు పైన చల్లని వాగుల్లో ఉండే ఈ తూనీగ ఒళ్లు పెద్ద తూనీగలను, రెక్కలు సన్న తూనీగలను పోలి ఉంటాయి. పై రెండు రకాల్లో దేనిలోనూ ఇమడదు. దీన్ని 1921లో టిల్యార్డ్ అనే కీటక శాస్త్రవేత్త కొత్త జాతిగా వర్ణించింది ఎగిరే తూనీగను చూసి కాదు, డార్జిలింగ్ కొండల్లోని వాగులో దొరికిన లార్వాను చూసి. ఆ లార్వా ఎదగడానికి ఐదేళ్లకు పైగా పడుతుంది. అన్నేళ్లపాటు ఆ వాగు ఒక్కసారి కూడా ఎండకూడదు, వేడెక్కకూడదు.

కాబట్టి వాగుకు నిజంగా చెందిన తూనీగ ఏదో తేల్చడానికి నమ్మదగిన ఆధారం కుబుసం. లార్వా నీటి నుంచి బయటికి వచ్చి, రాతి మీదో కాడ మీదో పట్టు దొరికించుకుని, వీపు చీల్చుకుని తూనీగగా వెలువడ్డాక, ఖాళీ చర్మం అక్కడే అతుక్కుని ఉంటుంది. పెద్ద వాన పడితే కొట్టుకుపోతుంది కనుక తెరిపిచ్చిన రోజుల్లో వెతకాలి. కుబుసం దొరికిందంటే ఆ జాతి ఆ వాగులోనే పుట్టి పెరిగిందని అర్థం. దాన్ని సేకరించడానికి ఏ ప్రాణినీ చంపనక్కర్లేదు.

ప్రపంచవ్యాప్తంగా అంచనా వేసిన 6,016 తూనీగ జాతుల్లో 16 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2021 డిసెంబరులో ప్రకటించింది. పశ్చిమ కనుమల గురించి ఎంతోకొంత రాతపూర్వకంగా ఉంది. మన తూర్పు కనుమల గురించి ఉన్నది అంతకంటే చాలా తక్కువ. నల్లమల, పాపికొండలు, మారేడుమిల్లి, అరకు ఒక్కో తీరు కొండలు. వీటిలో వాగులు కొన్ని ఏడాది పొడవునా పారతాయి, ఎక్కువ భాగం మాఘం నాటికే మడుగులుగా విడిపోతాయి. ఇక్కడి జాతులు పశ్చిమ కనుమల జాతులంత అరుదైనవి కాకపోవచ్చు గానీ, ఎండిన వాగులో మిగిలిన చివరి మడుగును పట్టుకుని వేసవి గడపడం తేలికైన విద్య కాదు. ఆ మడుగు నీటిని పైపు వేసి తోడేస్తే ఏం పోయిందో కూడా మనకు తెలియదు.

హైదరాబాద్‌కు దగ్గరగా మొదలుపెట్టాలంటే వికారాబాద్ అనంతగిరి కొండలు ఉన్నాయి. మూసీ పుట్టేది అక్కడే. పైన అడవిలో తెల్లగా జారే నీరూ, నగరంలో బ్రాకీథెమిస్ తప్ప పెద్దగా ఏమీ మిగలని నీరూ ఒకే నదివి; రెండు చోట్లా చూసినవారికి తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడికి వెళ్లే మిత్రులను నేను కోరేది ఇది. ఫొటో తీసుకున్నాక తేదీ, సమయంతో పాటు నీరు పారుతున్నదా నిలిచి ఉన్నదా, పైన ఆకుల కప్పు ఎంత ఉన్నది, తూనీగ వాలింది రాతి మీదా గడ్డి మీదా నీడలోనా ఎండలోనా అన్నది కూడా రాసుకోండి. ఉదయం పొద్దెక్కాక ఒకసారి, సాయంత్రం వెలుగు తగ్గే వేళ ఒకసారి అదే చోట నిలబడండి, ఎందుకంటే నీడ జాతుల్లో కొన్ని మసక వెలుగులోనే బయటికి వస్తాయి. గుడ్లు పెట్టడం గానీ కుబుసం గానీ కనిపిస్తే దాన్ని విడిగా గుర్తించండి. వానాకాలంలో మాత్రమే వెళ్లి ఆగిపోకండి. మాఘ ఫాల్గుణాల్లో మళ్లీ వెళ్లి, ఏ మడుగు ఏ వారంలో ఎండిందో, అప్పటికి దాని మీద ఏ తూనీగలు తిరుగుతున్నాయో కూడా అదే పుస్తకంలో రాయండి.