13 నంబరు పానా

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. పైలట్ యూనిఫాం విప్పేసి మూడేళ్ళు దాటినా, ఒంట్లో గడియారానికి ఆ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు. లేవగానే కిటికీ తెరిచి మబ్బులు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసే అలవాటూ పోలేదు. ఇప్పుడు నాకున్నది పంపుల విడిభాగాలు చేసే రేకుల షెడ్డు. మబ్బు వెయ్యి అడుగుల్లో ఉంటేనేం, పది వేల అడుగుల్లో ఉంటేనేం. వానొస్తే ఒక మూల కారుతుంది, అంతే.

ఇల్లు లేవకముందే లెక్కల పుస్తకం ముందేసుకున్నాను. విమానంలో మాకు బింగో అని ఒక అంకె ఉండేది. ఇంధనం ఆ అంకెకు దిగిందంటే చేస్తున్న పని ఎంత ముఖ్యమైనదైనా వదిలేసి తిరుగుముఖం పట్టాల్సిందే. ఆ అంకెను నేల మీద, బుర్ర చల్లగా ఉన్నప్పుడే వేసుకుంటాం. పైకెళ్ళాక మనసు "ఇంకో ఐదు నిమిషాలు" అని బేరం మొదలుపెడుతుంది కాబట్టి. వ్యాపారంలో ఆ గంట ఎవరూ మోగించరు. మొదటి ఏడాది "ఇంకో ఐదు నిమిషాలు" అనుకుంటూనే దాచుకున్నదాంట్లో సగం ఊడ్చిపెట్టాను. ఇప్పుడు ఖాతాలో రెండు నెలల జీతాలకు సరిపడే డబ్బు నా బింగో. ఇవాళ్టికి దానికి కాస్త పైనే ఉన్నాం. బాకీ ఉన్న కస్టమర్ మాత్రం "రేపు" అంటున్నాడు. ఆయన "రేపు" పోయిన నెల నుంచీ దారిలోనే ఉంది.

ఎనిమిదిన్నరకు షెడ్డు తెరిచాం. లేత్ పక్క గోడకి ఒక పెద్ద చెక్క పలక ఉంటుంది. ప్రతి పనిముట్టు ఆకారం దాని మీద నల్లరంగుతో వేసి ఉంటుంది. పనిముట్టు తీస్తే దాని నీడ మిగులుతుంది, ఏది లేదో దూరం నుంచే తెలిసిపోతుంది. విమానాలు నిలిపే హ్యాంగర్ నుంచి నేను వెంట తెచ్చుకున్న పద్ధతి ఇది. అక్కడ ఒక స్క్రూడ్రైవర్ లెక్క తేలకపోయినా విమానం కదలదు. కాక్‌పిట్‌లో మర్చిపోయిన చిన్న పానా, విమానం తలకిందులైనప్పుడు పైకి తేలి వచ్చి కంట్రోల్ స్టిక్ కింద ఇరుక్కుందంటే ఇక చేసేదేమీ ఉండదు. అందుకే రోజూ రన్‌వే మీద వరసగా నడిచి గులకరాళ్ళు ఏరేవాళ్ళం, ఆఫీసర్లతో సహా.

ఇవాళ పలక మీద 13 నంబరు పానా నీడ ఖాళీగా కనపడింది.

పని ఆపించాను. ఏడుగురం మోకాళ్ళ మీద కూర్చుని మెషీన్ల కింద, ఇనప రజను కుప్పల్లో, డబ్బాల వెనక వెతికాం. ఎవరికీ దొరకలేదు. అందరినీ నిలబెట్టి కాంకార్డ్ విమానం కూలిన సంగతి ఎత్తుకున్నాను. 2000 జూలై 25న పారిస్‌లో వేరే విమానం నుంచి రన్‌వే మీద ఊడిపడిన, మూరెడు పొడవు కూడా లేని ఒక లోహపు పట్టీ కాంకార్డ్ టైరును కోసేసింది. పగిలిన టైరు ముక్క ఎగిరి రెక్క కింద తగిలింది, ట్యాంకు చీలి ఇంధనం కారింది, మంటలు లేచాయి, మొత్తం 113 మంది చనిపోయారు. ఒక్క రేకుముక్క! అని వేలు కూడా చూపించాను. మనం చేసేది పంపులకు బుష్‌లని, వాటితో ఎవరూ ఆకాశంలోకి వెళ్ళరని అప్పుడు నాకు గుర్తు లేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్న భాగం ఇక్కడే. రెండు వారాల క్రితం చేరిన కుర్రాడి వైపే చూస్తూ మాట్లాడాను. పేరు పెట్టి అనలేదు, అననక్కర్లేకపోయింది. వాడు తల దించుకుని, మధ్యాహ్నం దాకా ఒక్క మాట మాట్లాడకుండా పని చేశాడు. గంట పని పోయింది. సరుకు ఆలస్యంగా వెళ్ళింది. తీసుకునేవాళ్ళకు నేనే ఫోన్ చేసి సర్దిచెప్పాను.

సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉంటానని పాపకు మాటిచ్చాను. చేరేసరికి ఎనిమిది. పైలట్‌గా ఉన్నప్పుడు చేరే టైము మూడు నిమిషాలు అటూఇటూ అయితే కంట్రోలర్‌కి చెప్పేవాణ్ణి. ఇప్పుడు గంటన్నర ఆలస్యమైనా ఇంటికి ఒక మెసేజ్ పెట్టను. అప్పట్లో మూడు వారాలకోసారి కనపడినా పాప ఎదురొచ్చి మెడకు చుట్టుకునేది. ఇవాళ తల ఎత్తకుండానే, "నాన్నా, సీటు మళ్ళీ దిగిపోయింది, నువ్వు గట్టిగా బిగించలేదు" అంది.

సైకిల్ దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే, స్టాండు పక్కన నేల మీద ఉంది. 13 నంబరు పానా.

నిన్న సాయంత్రం సీటు ఎత్తాలని జేబులో వేసుకుని తెచ్చింది నేనే. పని అయ్యాక నా దృష్టిలో అది ఇంటి పానా అయిపోయింది.

ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఆ షెడ్డులో నాకంటే ఇరవై ఏళ్ళు సీనియర్, పాత యజమాని మెషీన్లతో పాటు ఆయన్నీ నాకు అప్పగించాడు. పానా దొరికింది, నా దగ్గరే ఉంది అన్నాను.

"తెలుసు సార్. నిన్న మీరు జేబులో వేసుకోవడం చూశాను."

"మరి పొద్దున చెప్పలేదేం?"

"మొదట గుర్తు రాలేదు సార్. గుర్తొచ్చేసరికి మీరు ఆ విమానం సంగతి చెబుతున్నారు. అందరి ముందూ మధ్యలో ఎలా ఆపేది?"

ఆకాశం గుర్తొస్తోందా అని కలిసినవాళ్ళందరూ అడుగుతారు. నాకు గుర్తొచ్చేది కిటికీలు లేని ఒక గది. దిగగానే చెమట ఆరకముందే అందులో కూర్చునేవాళ్ళం. తలుపు మూశాక ర్యాంకు లేదు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు లేచి, కమాండర్ మొహం మీదే "మూడో టర్న్ మీరు లేటుగా తిప్పారు సార్, నేను దాదాపు మీ మీదికి వచ్చేశాను" అనేవాడు. ఆయన రాసుకునేవాడు. నేనూ అలా అన్నాను, నన్నూ అన్నారు. బయటికొచ్చాక మామూలుగా సెల్యూట్. ఈ షెడ్డుకి పలక తెచ్చాను, రంగు తెచ్చాను, ఆ గదిని తేవడం మర్చిపోయాను. మూడేళ్ళలో నా తప్పు నా మొహం మీద చెప్పినవాడు లేడు. తప్పులే చేయలేదని మురిసిపోయాను కూడా.

ఇంట్లో ఆ కొరత లేదు. నేను బయట తిరిగిన పదిహేనేళ్ళూ ఇల్లు నడిపింది మా ఆవిడ. నేను వచ్చిన కొత్తలో వంటింటి అలమరాకి లేబుళ్ళు అంటిస్తే, మర్నాటికి అన్నీ పీకి నా దిండు మీద పెట్టింది. ఇవాళ సంగతంతా విని నవ్వలేదు.

"ఆ కుర్రాడితో రేపు ఏమంటావు?"

"సారీ చెబుతాను."

"పక్కకి పిలిచా, అందరి ముందా?"

వెంటనే జవాబు రాలేదు నాకు. ఆమె కూడా రెట్టించకుండా దీపం ఆర్పడానికి వెళ్ళిపోయింది.

అందరి ముందే.

పొద్దున మర్చిపోకుండా పానాను గుమ్మం దగ్గర బూట్ల పక్కన పెట్టాను. ఇందాక మంచినీళ్ళకి లేచి చూస్తే, పడుకునే ముందు పాప ఎప్పుడు గీసిందో, దాని చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత.