మాథ్యూసన్ సంతకం

"ఎవరండీ ఈయన, మీ మేనమామా?" అని మా ఆవిడ ఎకసెక్కం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో క్రిస్టీ మాథ్యూసన్ పేరు తెలిసింది నాకొక్కడికేనేమో. పాత ఆటగాళ్ల సంతకాలు పోగేసే పిచ్చి నాది.

ఆయన బేస్‌బాల్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడు. 1905లో, అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆరు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి, మూడింట్లోనూ అవతలి జట్టుకి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. కెరీర్ మొత్తమ్మీద 373 విజయాలు. 1925లో, 45 ఏళ్లకే క్షయతో పోయాడు. సంతకాలు అరుదు అందుకే. అదే కాలపు ఇంకో పిచ్చర్ సై యంగ్ 1955 దాకా బతికాడు, ఆయనవి కాస్త దొరుకుతాయి.

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో మాథ్యూసన్ సంతకమున్న పోస్ట్‌కార్డు కొన్నాను. ధర రాయను, ఇది మా ఆవిడ చదువుతుంది. వచ్చిన రోజు రాత్రి భూతద్దం పెట్టి చూశాను. నిబ్బుతో రాస్తే సిరా కాగితంలోకి ఇంకుతుంది, వంపుల దగ్గర గీత లావెక్కి సన్నబడుతుంది. ఇక్కడ గీతంతా ఒకటే మందం, మధ్యలో సన్నటి గాడి. బాల్‌పెన్ను! అమెరికా షాపుల్లోకి బాల్‌పెన్నులు వచ్చిందే 1945లో. చనిపోయిన ఇరవయ్యేళ్లకి సంతకం చేశాడన్నమాట మహానుభావుడు.

అమ్మినవాడు ఇంతవరకూ జవాబివ్వలేదు. కార్డు మాత్రం బీరువాలోనే ఉంది. సముద్రపు గాలికి చెమ్మెక్కకుండా దానికీ రెండు సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టాను.