ఓడ ఎక్కాను, ఫొటో దిగలేదు

సింగపూర్ నుంచి ఓడలో నాలుగు రాత్రుల టూరు అని మా అన్న ఫోన్‌లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "చీరలు ఎన్ని పెట్టుకోవాల?" నేను అడిగింది, "అక్కడ ఫొటోలు తీస్తారా అన్నా?"

"తీయకుండా ఉంటారా? అందుకే గదా జనాలు పోయేది" అన్నాడు. ఆ రోజు నుంచే నాకు టెన్షన్ మొదలైంది.

కారణం చెబుతాను. నాకు పదిహేనేళ్లుగా బొల్లి ఉంది. ఎడమ కంటి చుట్టూ, పెదవి కింద, మెడ మీద. చర్మానికి రంగునిచ్చే కణాలు పోవడం వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. కడపలో హైస్కూల్ సోషల్ టీచర్‌ను. రోజూ రెండు వందల మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతాను, అక్కడ నాకు ఏ ఇబ్బందీ లేదు. ఎదురుగా ఉన్న మనిషి నా మాట వింటాడు, నేను నవ్వితే నవ్వుతాడు, కాసేపటికి మచ్చ సంగతి మరిచిపోతాడు. ఫొటోలో నేను మాట్లాడను కదా. చూసేవాళ్ల కళ్లు నేరుగా మచ్చ మీదికే పోతాయి, అక్కడే ఆగిపోతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రొద్దుటూరులో మా పిన్నమ్మ కూతురి పెళ్లి ఆల్బం వచ్చినప్పుడు తిప్పుతూ పోతున్నాను. ఒక పేజీలో పెళ్లికూతురి పక్కన ఎవరో నా చీర కట్టుకొని నిలబడి ఉన్నారు. మొహమంతా గోడకు రంగేసినట్టు ఒకటే రంగు. ఫొటోగ్రాఫర్ మచ్చలన్నీ చెరిపేశాడు. "ఎంత బాగా వచ్చిందో చూడు" అంది పిన్నమ్మ, మంచి మనసుతోనే. మచ్చలతో ఉన్న ఫొటో చూస్తే నాకు బాధ. మచ్చలు తీసేసిన ఫొటో చూస్తే అంతకంటే బాధ. అందుకే ఫొటోలు దిగడం మానేశాను.

ఓడ ఎక్కాలంటే ముందు వీసా, వీసాకు ఫొటో. సింగపూర్ వీసాకు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, వెనక తెల్లగా ఉండాలి, మూడు నెలల లోపు తీసింది కావాలి. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక స్టూడియోకు పోయాను. పిల్లోడు ఒక్క నిమిషంలో తీసి కంప్యూటర్‌లో వేసుకున్నాడు. నేను డబ్బులు తీసేలోపే మౌస్ నా ఎడమ కంటి దగ్గరికి పోయింది. చిన్న గుండ్రటి గీత. నొక్కాడు, కంటి కింద సగం మచ్చ మాయమైంది.

"వద్దబ్బీ, ఆపు."

"రెండు నిమిషాలక్కా, నీట్‌గా చేసిస్తా. ఎక్స్‌ట్రా ఏమీ అడగను."

"ఇది వీసాకు. అక్కడ మిషన్ ముందు నిలబడేది ఈ మొహమే. ఉన్నది ఉన్నట్టు ఇయ్యి."

వాడు కాసేపు నా వైపు చూసి, వెనక్కి తిప్పే బటన్ నొక్కాడు. మచ్చ తిరిగి వచ్చింది. స్టూడియో మెట్లు దిగుతుంటే నాకు ఒకటి తెలిసింది. ఈ ఫొటో ఇచ్చినందుకు నాకేమీ బాధగా లేదు. నేనే నేనని రుజువు చేసుకోవడానికి ఇచ్చే ఫొటో వేరు, ఎవరో అమ్ముకోవడానికో గోడకు తగిలించుకోవడానికో తీసే ఫొటో వేరు. మొదటిది ఎన్నిసార్లు అడిగినా ఇస్తాను. రెండోదానికి ఒప్పుకోను. టూరంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచాను.

టికెట్లు వచ్చాక అన్న పంపిన కాగితాలన్నీ చదివాను. పేజీలకు పేజీల నిబంధనలు. అందులో ఒకచోట, ఓడ మీద తీసిన ఫొటోలు, వీడియోలలో ప్రయాణికులు కనిపిస్తే వాటిని కంపెనీ ప్రచారానికి వాడుకోవచ్చని ఉంది. ఇలాంటి షరతు చాలా ఓడ కంపెనీల టికెట్లలో ఉంటుంది, ఎవరూ చదవరంతే. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కంపెనీకి మెయిల్ పెట్టాను. ప్రయాణానికి అవసరమైన గుర్తింపు ఫొటోకు అభ్యంతరం లేదు, మిగతా ఏ ఫొటోలోనూ వీడియోలోనూ నన్ను తీయవద్దు, వాడవద్దు అని నాలుగు వాక్యాలు. కారణం రాయలేదు. నా చర్మం సంగతి వాళ్లకు చెప్పుకోవాల్సిన పని లేదనిపించింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మీ మాట నమోదు చేసుకున్నాం, ఓడ ఎక్కాక రిసెప్షన్‌లో కూడా ఒకసారి చెప్పండి అని. ఆ మెయిల్‌ను ప్రింటు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఓడలో వెళ్లబోయే వాళ్లు నాలాంటి వాళ్లే అయితే ఈ పని తప్పకుండా చేయండి. నోటితో చెప్పడానికీ కాగితం చూపించడానికీ చాలా తేడా ఉంటుంది.

సంక్రాంతి సెలవుల్లో బయల్దేరాం. అమ్మ, నేను, అన్న, వదిన, మేనకోడలు. కడప నుంచి చెన్నైకి రాత్రి రైలు, అక్కడి నుంచి విమానం. సింగపూర్ ఎయిర్‌పోర్టులో మిషన్ మొహాన్నీ కళ్లనూ స్కాన్ చేసింది. నిలబడ్డాను.

మరీనా బే క్రూజ్ సెంటర్లో చెక్ఇన్ అయ్యాక ఓడలోకి పోయే దారిలో మలుపు తిరగ్గానే ఓడ బొమ్మ ఉన్న పెద్ద పరదా, దాని ముందు కెమెరాతో ఒకతను. వచ్చే ప్రతి కుటుంబాన్నీ ఆపి తీస్తున్నాడు. కొత్తవాళ్లకు అది కూడా చెక్ఇన్‌లో భాగమే అనిపిస్తుంది. కాదు. గుర్తింపు ఫొటోను మేం ముందే ఫోన్‌లో ఎక్కించాం, ఓడ కార్డుకు అదే జతచేస్తారు. పరదా దగ్గరిది అమ్మకానికి తీసేది. పక్క నుంచి నడిచి పోవచ్చు, ఎవరూ ఆపరు. ఇదంతా నాకు తెలుసు. అయినా అక్కడ దెబ్బతిన్నాను. అమ్మ సంచి సర్దుకుంటున్నాను, వదిన చెయ్యి పట్టి "రా వదినా, ఒక్కటి" అని లాగింది, తల ఎత్తేలోపు ఫ్లాష్ వెలిగింది.

కడుపులో తిప్పినట్టయింది. వదినను ఏమీ అనలేదు. గదిలో పెట్టెలు పెట్టి నేరుగా రిసెప్షన్‌కు పోయాను, మెయిల్ చూపించాను. వాళ్లు ఫొటో గ్యాలరీకి పంపారు. గోడల పొడవునా స్క్రీన్లు. కార్డు చూపిస్తే మొహం గుర్తుపట్టి మన ఫొటోలన్నీ బయటికి తీస్తుంది. ఐదుగురం కనిపించాం, నేను సంచి మీదికి వంగి, నోరు సగం తెరిచి. ఒక్కో ప్రింటు ఇరవై డాలర్ల పైనే. కొనకపోతే అడిగేవాళ్లు లేరు, కొనాలన్న రూలేమీ లేదు. కానీ నాకు కావలసింది కొనకుండా ఉండటం కాదు, ఆ ఫొటో లేకుండా పోవడం.

కౌంటర్ దగ్గర ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. "ఇది తీసేయండి, దయచేసి" అన్నాను. కారణం అడగలేదు. నా ముందే తీసేసి, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. "రేపటి నుంచి మీ కెమెరా వాళ్లకు ఎలా చెప్పాలి?" అని అడిగితే మంచి మాట చెప్పింది. "కెమెరా పైకి ఎత్తకముందే చెప్పండి మేడం. ఎత్తాక చెబితే వాళ్ల వేలు ఆగదు." అమ్మకాల టార్గెట్లు ఉంటాయంట వాళ్లకు. కొనని మనిషి దగ్గర టైము పోగొట్టుకోరు, ముందే వద్దంటే వాళ్లకూ సుఖమేనంది.

ఆ మాట బాగా పనిచేసింది. మరుసటి రోజు పెనాంగ్‌లో ఓడ దిగే చోట చిలుక వేషం వేసిన ఒకతను, పక్కన కెమెరా పట్టుకున్న ఇంకొకతను. నేను దూరం నుంచే చెయ్యి నడుము ఎత్తుకు లేపి, అడ్డంగా ఊపి, "నో ఫొటో, థాంక్యూ" అంటూ ఆగకుండా నడిచాను. ఆగకపోవడం ముఖ్యం. ఆగితే మాట కలుస్తుంది, మాట కలిస్తే మొహమాటం. మొదట నమస్కారం పెట్టి చూశాను, అది తప్పయింది. చీర కట్టుకున్న మనిషి రెండు చేతులు జోడిస్తే వాళ్లకు అంతకంటే మంచి ఫొటో ఉండదు, కెమెరా ఇంకా దగ్గరికి తెచ్చారు. చెయ్యి ఊపడమే మేలు. ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డు దాకా పోలేదు, సముద్రంలో లంగరేసి చిన్న పడవల్లో పటోంగ్ బీచ్‌కు దింపారు. పడవ దిగేచోట మళ్లీ కెమెరా, మళ్లీ చెయ్యి. ఆ సరికి అలవాటైపోయింది.

రాత్రి భోజనాల దగ్గర కష్టం. అక్కడ నడిచి పోవడానికి లేదు, కూర్చొని ఉంటాం. అందరూ మంచి బట్టలు కట్టుకొని వచ్చే రాత్రి ఒకటి ఉంటుంది, ఆరోజు టేబుల్ టేబుల్‌కూ తిరుగుతారు. వడ్డించే అతనికి ముందే చెప్పి పెట్టాను. అయినా అమ్మకు ఫొటో కావాలి. మా అమ్మకు ఫొటోలంటే ప్రాణం. ధర్మవరం పట్టుచీర పెట్టె అడుగున పెట్టుకొని తెచ్చుకుంది, అది కట్టుకుంది. నా వల్ల ఆమె ఆనందం ఎందుకు చెడాల? దారి అమ్మే చూపించింది. "నువ్వు లేచి పొయ్యి ఆ పిల్లోని యెనకాల నిలబడుకో అమ్మీ. నేను నిన్ను చూస్తా నవ్వుతా" అంది. కెమెరా వెనక నిలబడటం కంటే భద్రమైన చోటు ఓడ మొత్తం మీద ఇంకోటి లేదు.

బయటివాళ్లతో అంతే, సులభంగానే అయిపోయింది. గట్టి కష్టం ఇంటివాళ్లతోనే వచ్చింది.

మూడో రోజు రాత్రి వైఫై కలిసినప్పుడు మా స్కూల్లో తెలుగు మేడం నుంచి మెసేజ్. "ఓడ మీద భలే ఉన్నావే!" నా గుండె ఆగినంత పనైంది. మేనకోడలి స్టేటస్‌లో నేను ఉన్నాను. రెయిలింగ్ పట్టుకొని సముద్రం చూస్తున్నాను, ఎడమ పక్క నుంచి తీసింది. ఎండ నేరుగా మచ్చ మీద పడింది. అప్పటికే ముప్పై ఎనిమిది మంది చూశారు.

తొమ్మిదో తరగతికి ప్రాథమిక హక్కులు చెప్పేది నేనే. గోప్యత ప్రాథమిక హక్కే అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది, 21వ అధికరణం కింద. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కానీ మనుషులు సొంతానికి, ఇంటి అవసరాలకు వాడుకునేదానికి ఆ చట్టం వర్తించదు. కంపెనీకి మెయిల్ పెట్టగలిగాను. మేనకోడలికి ఏ సెక్షన్ చూపించాల? పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాల్సిందే.

డెక్ మీదికి తీసుకుపోయాను. తీసెయ్యమంటే వెంటనే తీసేసింది. కానీ మొహం చిన్నబుచ్చుకుంది. "అందంగానే ఉన్నావు గదత్తా. నీకేమైందని? దాక్కుంటే అది తప్పయినట్టే గదా?"

ఆ ప్రశ్నకు చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాను. ఈ కాలం పిల్లలు అలా ఆలోచిస్తారు, అందులో మంచి ఉంది. తర్వాత అన్నాను: "నేను దాక్కోలేదు తల్లీ. మూడు వేల మంది మధ్య మూడు రోజులుగా తిరుగుతున్నా. మొహానికి గుడ్డ కట్టుకోలేదు, క్రీము పూసుకోలేదు. నా మొహం ఎవురు చూసినా సరే, నా ఎదురుగా నిలబడి చూడాల. నేను లేని చోట చూడొద్దు. అంతే."

అది కాసేపు నీళ్ల వైపు చూసి, "సరే, ఇగ పెట్టేముందు చూపిస్తా" అంది. మాట మీద నిలబడింది. నేను వాళ్ల వెనక ఎక్కడో చుక్కలా పడినవి వదిలేశాను. తెలియనివాళ్ల సెల్ఫీల్లో నా వీపు పడినా పట్టించుకోలేదు, అన్నిటికీ పోట్లాడుతూ కూర్చుంటే సముద్రం ఎప్పుడు చూడాల? ఓడలో సీసీ కెమెరాల సంగతీ అంతే, అవి మన ప్రాణాలు కాపాడేవి. చివరి రోజు మేనకోడలు తన ఫోన్ నా చేతికే ఇచ్చింది. వాళ్ల ఫొటోలన్నీ నేనే తీశాను. ఫోన్ పట్టుకున్న మనిషిని ఎవరూ "నువ్వూ రా" అని లాగరు, ఈ ఉపాయం ముందే తోచి ఉంటే మొదటి రోజు బాధ తప్పేది.

దిగే ముందు రాత్రి గ్యాలరీకి పోయి నా కార్డు ఇంకోసారి చూపించాను. స్క్రీన్ మీద నా ఫొటో ఒక్కటీ లేదు. అమ్మది ఒకటి కొన్నాం, పట్టుచీరది.

అది ఇప్పుడు మా ఇంట్లో, ముందు గదిలో ఉంది. ఎవరొచ్చినా అమ్మ చూపిస్తుంది. "బిడ్డ పోలేదా నీతో?" అని అడుగుతారు. "పోకుండా యాడికి పోతాది? నా అద్దాల పెట్టె పట్టుకోని ఈడ నిలబడుకోనుండ్లా" అని, ఫ్రేము దాటి, పక్కన ఖాళీ గోడ మీద వేలు పెట్టి చూపిస్తుంది.