బరువులు తీసిన రోజు

మంగళవారం, పర్లాకిమిడి (ఒడిశా).

ఇవాళ ఏడు, ఎనిమిది తరగతుల ఎత్తులూ బరువులూ తీయడంతోనే సరిపోయింది. పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి ఏడాదికోసారే వస్తుంది. ఆలోగా మన రిజిస్టర్ సిద్ధంగా ఉండాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ ఒకరు అంకె గట్టిగా చదివి, ఇంకొకరు రాసుకుంటుంటే వరసలో ముప్ఫై మంది వింటారు. మధ్యాహ్న భోజనం వేళకి ఆ అంకె కాస్తా ఏడిపించే పేరైపోతుంది.

అందుకని మెషీన్ని వరండాలోంచి స్టాఫ్ రూమ్‌లోకి మార్చాం. తలుపు చేరవేసి ఒక్కొక్కరినే పిలిచాం. ఆడపిల్లల దగ్గర టీచరమ్మ, మగపిల్లల దగ్గర మాస్టారు. పిల్లలు అంకెకి వీపు పెట్టి నిలబడతారు, రాసేవాళ్లకే కనబడుతుంది. అడిగితే మెల్లగా చెప్పాలి, అడక్కపోతే అక్కర్లేదు. 'అబ్బో', 'ఇంతేనా' అనకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టం. ముఖం కూడా ఏమీ అనకూడదు మరి.

మెషీన్ చాప మీద పెడితే బరువు తప్పు చూపిస్తుంది, గచ్చు మీదే పెట్టాలి. ఎత్తుకి చెప్పులు విప్పించి, నడినెత్తిన రిబ్బను ముడి ఉంటే తీయించి, మడమలు గోడకి ఆనించాలి. 42 కిలోల పిల్ల 150 సెంటీమీటర్లుంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 18.7. అదే ఎత్తు పొరపాటున 148 రాస్తే 19.2.

ఇంతకన్నా పెద్ద తప్పు గోడ మీది బీఎంఐ పోస్టర్‌లో ఉంది. 18.5కి తక్కువైతే సన్నం అన్న గీత పెద్దవాళ్లది. పదేళ్ల పిల్లల్లో నడిమి బీఎంఐయే దాదాపు 16.5. ఆ పట్టికతో చూస్తే నిక్షేపంలాంటి పిల్లలు సగం తరగతి పైగా 'బక్క'వాళ్లవుతారు. వయసు, ఆడామగా తేడాను బట్టి చూసే పిల్లల చార్టులు వేరే ఉన్నాయి, భారత శిశువైద్యుల సంఘం 2015లో ఇచ్చినవి. రేపు ఆ పోస్టర్ తీసేయాలి.

ఆడపిల్లలు సగటున 12 ఏళ్లకి, మగపిల్లలు 14కి జోరుగా ఎదుగుతారు. ఏడో తరగతిలో ఆడపిల్లలు పొడుగ్గా కనబడేది అందుకే. ఈడొచ్చే వేళ ఆడపిల్లలకి తొడల దగ్గరా తుంటి దగ్గరా కొవ్వు పట్టడం ఒంటి పనే, తిండి తప్పు కాదు. ఇది బరువులు తీయక ముందే, అందరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట.

ఇక పేర్లు. ఇక్కడ పిల్లలకి రెండు భాషల్లో ఏడిపించడం వచ్చు. తెలుగులో 'బొండాం', 'నల్లోడా', ఒడియాలో 'మోటా', 'కాళియా'. ఆ కాళియా అనే జగన్నాథుణ్ణి ఒడియావాళ్లు ముద్దుగా పిలుచుకుంటారు. అలాగని ఏడుస్తున్న పిల్లకి 'దేవుడూ నలుపే కదమ్మా' అంటే పని జరగదు. నలుపుకి ఓదార్పు కావాలని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. రంగునిచ్చే కణాలు ఎవరికైనా ఇంచుమించు అన్నే ఉంటాయి, అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా, అది ఎండ నుంచి కాపాడుతుంది అని సైన్సు పాఠంలా చెప్తే పిల్లలు శ్రద్ధగా వింటారు. ముందుగా 'ఒరే పొట్టీ, బోర్డు తుడువు' అనడం మనం మానాలి.

తెల్లబడడానికి రాసే క్రీముల సంగతీ అప్పుడే చెప్పాలి. ట్యూబు మీద బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. మొదట నిగారింపు కనబడుతుంది, తర్వాత మొటిమలు, ఎర్రదనం, చర్మం పలచబడడం. చాలాకాలం రాసి ఒక్కసారిగా మానినా ముఖం మండుతుంది, చర్మం డాక్టరుకి చూపించాలి.

వంట దగ్గరా ఒక మాట చెప్పి వచ్చాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి లెక్క మనిషికి 150 గ్రాముల బియ్యం. లావుగా ఉన్న పిల్లకి 'నీకెందుకే ఇంకా' అని గరిటె వెనక్కి తీయకూడదు. అన్నం ముట్టకుండా కంచం కడిగేసే పిల్ల ఎవరో వడ్డించేవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ పేరు మా చెవిన వేయమన్నాం, నలుగురిలో కాకుండా.